ఐదు స్టార్ల ఏసీ కొనే ముందు ఒకసారి డాబా ఎక్కండి

గేమ్ ఆడుతుంటే ఫోన్ వేడెక్కి ఫ్రేమ్ రేట్ పడిపోవడం మనందరికీ తెలుసు. మే నెలలో ఏలూరులోనో గూడెంలోనో పై అంతస్తులో ఉండేవాళ్లకి ఇంకో రకం థ్రాట్లింగ్ కూడా తెలుసు. రాత్రి పదకొండైనా గది 26కి దిగదు. తప్పు ఏసీది కాదు. పగలంతా ఎండ తాగిన శ్లాబు ఆ టైమ్‌కి కూడా వేడిని కిందకి వదులుతూనే ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీలో కరెంటు ఆదా అయ్యేది కంప్రెసర్ స్పీడ్ తగ్గినప్పుడే. నెత్తిన పెనం ఉంటే అది ఎప్పుడు తగ్గుతుంది?

శ్లాబుకి కూడా ఒక స్పెక్ ఉంది, పేరు యూ-వాల్యూ. వేడి ఎంత సులువుగా లోపలికి వస్తుందో చెప్పే నంబర్ అది, తక్కువ ఉంటే మంచిది. ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పుకి ఇది 1.2 దాటకూడదు. పైన ఏమీ వేయని మామూలు కాంక్రీట్ శ్లాబుకి 3 పైనే ఉంటుంది. ఫోన్ కొనేటప్పుడు నిట్స్, వాట్స్ అన్నీ చూసే మనం ఇల్లు కట్టేటప్పుడు దీని గురించి అడగనే అడగం!

'గ్రీన్ బిల్డింగ్ అంటే డబ్బున్నోళ్ల షో' అనేవాళ్లకి హైదరాబాద్‌లోని సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ లెక్క చూపించాలి. 2003లో లీడ్ ప్లాటినం రేటింగ్ వచ్చింది, 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. మామూలు భవనం కంటే 18 శాతం ఎక్కువ ఖర్చైంది, ఏడేళ్లలో తిరిగొస్తుందని అంచనా. 2005 నాటి గుర్గావ్ విప్రో భవనానికి అదనపు ఖర్చు 8 శాతమే, తిరిగొచ్చే టైమ్ ఐదేళ్లు. మొదటి జనరేషన్ గ్యాజెట్ ఎప్పుడూ ఖరీదే కదా.

అయితే హైదరాబాద్ డిజైన్‌ని ఇక్కడ కాపీ-పేస్ట్ చేస్తే కుదరదు. మనది కొల్లేరు, చుట్టూ చేపల చెరువులు, గాలిలో ఎప్పుడూ తేమ. నీళ్లతో గాలిని చల్లబరిచే ఐడియాలు ఇక్కడ జిగటగా తయారవుతాయి. ఎయిర్ కూలర్ కొని బాధపడ్డవాళ్లని అడగండి. మనకి కావాల్సింది ఎండని పైనే ఆపడం, గాలి ఆడించడం. అంటే ముందు ఫ్యాన్.

మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో దాదాపు 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ అయితే 30. రోజుకి 15 గంటలు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకి 40 యూనిట్లు మిగులుతాయి. ఇక్కడ రెండో శ్లాబు వస్తుంది, అదే కరెంటు బిల్లు శ్లాబు. మిగిలిన యూనిట్లు ఎప్పుడూ ఖరీదైన పై శ్లాబు నుంచే తగ్గుతాయి. 2022 ఏప్రిల్ టారిఫ్‌తో చూస్తే, 350 యూనిట్లు కాల్చే ఇంట్లో ఆ 40 యూనిట్లు ఒక్కోటి 8.75 చొప్పున 350 రూపాయలు. 150 యూనిట్ల ఇంట్లో అవే 40కి సుమారు 217. రెండు ఫ్యాన్లు 6 వేలనుకుంటే, మొదటి ఇంటికి 17 నెలల్లో, రెండో ఇంటికి 28 నెలల్లో డబ్బు తిరిగొస్తుంది. చలికాలం తీసేస్తే ఇంకాస్త పడుతుంది. కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూడకండి, లేబుల్ మీద సర్వీస్ వాల్యూ చూడండి. వాట్‌కి ఎంత గాలి ఇస్తుందో అదే చెబుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కువసేపు రావడం బోనస్.

తర్వాత డాబా మీద వైట్ కూల్ రూఫ్ కోటింగ్. ఇది యూ-వాల్యూని మార్చదు, ఎండని వెనక్కి కొడుతుంది. మన వైపు వానలకి నాచు పట్టి నల్లబడితే పని చేయదు, కాబట్టి ఏటా వేసవికి ముందు కడగాల్సిందే. అసలు ఇన్సులేషన్ మాత్రం ఇల్లు కట్టేటప్పుడే వేయించడం చవక.

సోలార్ చివర్న. పీఎం సూర్య ఘర్‌లో 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ ఉంది, పైగా ప్యానెళ్లు శ్లాబుకి నీడ కూడా ఇస్తాయి. కానీ ముందు వాడకం తగ్గించుకుంటే రెండు కిలోవాట్లతోనే సరిపోవచ్చు.

అద్దెకి ఉండేవాళ్లకి ఒక చిక్కు ఉంది. కోటింగ్ ఖర్చు ఓనర్‌ది, కరెంటు బిల్లు మీది. ఆయనకి ఏం లాభమని వేయిస్తారు? శ్లాబు పగుళ్లు, లీకులు ఆపే వాటర్‌ప్రూఫ్ రకం ఉందని చెప్పి చూడండి, ఆ మాటకి ఓనర్లు వింటారు. వినకపోతే ఫ్యాన్లు మాత్రం మీ డబ్బుతోనే కొనండి, పాతవి అటక మీద దాచండి. ఖాళీ చేసే రోజు మీవి విప్పుకుని వెళ్లొచ్చు.