పెట్టిన పేరు, నిలిపిన పేరు

మనుష్యునకు సొంతమైన వాటిలో పేరు మిక్కిలి విచిత్రమైనది. దానిని అతడు కొనలేదు, కోరలేదు, ఎన్నుకొనలేదు. అతనికి మాటలు రాకముందే పెద్దలు ఉయ్యాలలో పరుండబెట్టి, చెవిలో చెప్పి ఇచ్చినారు. అది తన సొత్తే అయినను వాడుకొనువారు ఇతరులే. ఇట్లు ఒకరిచ్చి, మరియొకరు వాడుకొను ఈ చిన్న మాటపై మనుష్యునకు గల మమకారము చూచినచో ఆశ్చర్యము కలుగును. ఎవరైన పేరును తప్పుగా పలికినచో మనస్సు చివుక్కుమనును. పెండ్లి శుభలేఖలో ఒక అక్షరము తప్పు పడినచో చుట్టరికములు సయితము బెసకును. అంగడి బోర్డుపై తండ్రి పేరు వెలిసిపోయినచో కుమారుడు మొదట దానికే రంగు వేయించును.

ఈ మమకారము ఎంత లోతైనదో మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. ఇంగ్లండులో నెవిల్ మొరే అను శాస్త్రజ్ఞుడు 1959లో ఒక ప్రయోగమును ప్రకటించెను. కొందరిని కూర్చుండబెట్టి, ఒక చెవిలో వినబడు మాటలను వెంటనే తిరిగి చెప్పుడని పని పెట్టి, రెండవ చెవిలో వేరు మాటలు వినిపించిరి. ఆ రెండవ చెవిలోని మాటలు వారికి పట్టనే లేదు. కాని అందులో తమ పేరు వచ్చినపుడు మాత్రము ఇంచుమించు మూడింట ఒక వంతు మంది గుర్తుపట్టిరి. సంత గోలలో బేరము మాటలాడుచున్న వర్తకుడు కూడ తన పేరు వినబడగానే తల త్రిప్పుట ఇట్టిదే. తరువాత 1985లో బెల్జియం దేశమున జోసెఫ్ న్యూటిన్ అను పండితుడు మరియొక సంగతి చూపెను. మనుష్యులు తమ పేరులోని అక్షరములను తక్కిన అక్షరముల కంటె ఎక్కువగా ఇష్టపడుదురు. ఎందుకు ఇష్టపడుచున్నారో వారికే తెలియదు.

నచ్చని పేర్లు

అయితే అందరికిని తమ పేరు ఇష్టమేనా? కాదు. పేరు చెప్పుటకు సిగ్గుపడు పిల్లలు ప్రతి ఊరిలోను కలరు. తెలుగు పల్లెలలో పెంటయ్య, పుల్లయ్య, బిచ్చమ్మ అను పేర్లు పూర్వము విరివిగా ఉండెడివి. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట మరల శిశువు కలిగినపుడు, దానిని పెంటకుప్పపై ఒక క్షణముంచి ఎత్తుకొనుటయో, ఎంగిలి విస్తరిలో పరుండబెట్టుటయో చేసి ఆ పేర్లు పెట్టెడివారు. ఈ బిడ్డ విలువలేనిదని భావించి మృత్యువు ప్రక్కనుండి పోవలెనని తల్లి ఆశ. ఆ పేరు బయటికి మోటు; లోపల ఉన్నది తల్లి గుండె. ఈ సంగతి తెలిసినవాడు ఆ పేరును తలయెత్తి చెప్పుకొనును. ఎవరును చెప్పనివాడు పట్టణమునకు పోగానే దానిని మార్చుకొనును.

మహారాష్ట్రములోని సాతారా జిల్లాలో మరియొక విధమైన పేరు కనబడినది. కొడుకు కావలెనని ఎదురుచూచిన ఇండ్లలో ఆడపిల్ల పుట్టినచో “నకుశా” అని పేరు పెట్టిరి. “అక్కరలేనిది” అని దాని అర్థము. బడిలో హాజరు పిలిచిన ప్రతి దినమును ఆ పిల్ల తాను అక్కరలేనిదానినని వినవలసినదే. 2011 అక్టోబరులో ఆ జిల్లా అధికారులు అట్టి పేరు గల 285 మంది బాలికలను చేర్చి, వారికి క్రొత్త పేర్లు ఇప్పించిరి. కొందరు సినిమా తారల పేర్లు కోరిరి, కొందరు పూర్వకాలపు మంచి పేర్లు కోరిరి. తమిళనాట కొన్ని చోట్ల ఆడపిల్లలకు పెట్టిన “వేండాం” అను పేరునకును “వద్దు” అనియే అర్థము. పెంటయ్య పేరును నకుశా పేరును చెవికి ఒకే తీరుగా మోటుగా వినబడును. మొదటి దానిలో బిడ్డ బ్రతుకవలెనను కోరిక ఉన్నది. రెండవ దానిలో ఆ కోరికయే లేదు. పిల్లలు ఈ భేదమును పెద్దల కంటె త్వరగా గ్రహింతురు.

పేరునకును గుణమునకును సంబంధము

ఈ విషయమును జైన శాస్త్రములు ఏనాడో విడదీసి చూపినవి. తత్త్వార్థ సూత్రమున ఒక వస్తువును తెలిసికొనుటకు నామము, స్థాపన, ద్రవ్యము, భావము అను నాలుగు నిక్షేపములు చెప్పబడినవి. గుణముతో పనిలేక పిలుపు కొరకు మాత్రమే పెట్టినది నామ నిక్షేపము. ఆ పేరునకు తగిన గుణము నిజముగా ఇప్పుడు వానియందున్నచో అది భావ నిక్షేపము. ఇంద్రుడని పేరు పెట్టినంత మాత్రమున బాలుడు ఇంద్రుడు కాడు. “ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు” అను తెలుగు సామెత చెప్పునదియు ఇదియే. కాబట్టి మంచి పేరు దొరికినదని మురియువాడును, పాత పేరు దొరికినదని కుములువాడును నామము దగ్గరనే నిలిచిపోయినవారు. భావము వరకు నడువవలసిన దారి ఇద్దరికిని మిగిలియే ఉన్నది.

మహావీర స్వామి నామముల కథ ఇందుకు చక్కని పాఠము. కల్పసూత్రము ప్రకారము ఆయన గర్భస్థుడైనది మొదలు ఇంట ధనధాన్యములు వృద్ధి చెందినవి గనుక తల్లిదండ్రులు వర్ధమానుడని పేరు పెట్టిరి. తపస్సు వలన శ్రమణుడను పేరు వచ్చినది. భయములకును కష్టములకును చలింపనందున మహావీరుడను పేరు కలిగినది. మొదటి పేరు తల్లిదండ్రుల ఆనందము, తక్కినవి ఆయన నడత. లోకము ఎక్కువగా పలుకుచున్నది చివరి పేరునే. అయినను మొదటి పేరును ఎవరును తీసివేయలేదు.

కుందకుందాచార్యుల సంగతియు తెలుగువారు తెలిసికొనదగినది. ఆయనకు పద్మనంది అను నామము కలదని శాసనములు చెప్పుచున్నవి. లోకమున నిలిచినది మాత్రము ఊరి పేరు. ఆ ఊరు అనంతపురము జిల్లాలోని కొనకొండ్ల అని పండితుల అభిప్రాయము. శ్రవణబెళగొళలో క్రీస్తు శకము 981 ప్రాంతమున 57 అడుగుల బాహుబలి విగ్రహమును నిలిపిన చావుండరాయనికి గొమ్మట అను ముద్దుపేరు ఉండెడిదని, దానినిబట్టియే విగ్రహమునకు గొమ్మటేశ్వరుడను పేరు వచ్చినదని కొందరు పండితులు చెప్పుదురు. అదే నిజమైనచో ఒక ఇంటి ముద్దుపేరు కొండంత విగ్రహమునకు చెల్లినదన్నమాట.

స్త్రీల పేర్లు

స్త్రీల విషయమున పేరు త్వరగా మరుగుపడును. పుట్టింట పేరుతో పెరిగిన పిల్ల అత్తింట “కోడలు”, తరువాత “ఫలానావాని తల్లి”, చివరకు “మామ్మ” అగును. మహారాష్ట్రములో కొన్ని కులములయందు పెండ్లినాడు వరుడు పళ్లెములోని బియ్యముపై ఉంగరముతో వధువునకు క్రొత్త పేరు వ్రాయు ఆచారము కలదు. కొందరు వధువులకది వేడుక. కొందరికి ఇరువది యేండ్లు పలికిన పేరు ఒక్క పూటలో పోయినదను దిగులు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములు ఆ ఆచారమును అనుసరింపదలచినచో ముందుగా అడుగవలసినది వధువునే.

పదవ శతాబ్దమున కన్నడదేశమున ప్రసిద్ధికెక్కిన అత్తిమబ్బె పూర్వులు వేంగి దేశమువారు. ఆమె పొన్నకవి వ్రాసిన శాంతిపురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టెను. రన్నకవి తన కుమార్తెకు అత్తిమబ్బె యనియు, కుమారునికి చావుండరాయని తలచుకొని రాయ యనియు పేర్లు పెట్టుకొనెను. ఫలానావారి కోడలుగా గాక తన పేరుతోనే ఆమె వేయి సంవత్సరములుగా నిలిచియున్నది.

పరదేశమున పేరు

తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాయుదురు. తమిళనాట తండ్రి పేరు మొదటి అక్షరము ముందుండును. మహారాష్ట్రములో సొంత పేరు, తండ్రి పేరు, ఆ తరువాత ఇంటిపేరు వచ్చును. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలోనున్న యానాములో పాత కాగితములు ఫ్రెంచి భాషలో ఉన్నవి. కావుననే వలస వచ్చిన తెలుగు పిల్లవానిని బడిలో ఇంటిపేరుతో పిలుచుట, అన్నదమ్ముల కాగితములలో పేర్లు రెండు తీరుల ఉండుట జరుగుచుండును. పాలుపంపకముల వేళ ఒక్క అక్షరభేదము కోర్టు వరకు ఈడ్చును. జనన మరణ నమోదు చట్టము 1969లో వచ్చినది. దాని క్రింది నియమముల ప్రకారము పేరు లేకుండ నమోదైన శిశువు పేరును ఏడాదిలోగా రుసుము లేకుండ చేర్పించవచ్చును. ఆ పిమ్మట 15 సంవత్సరముల వరకు ఆలస్యపు రుసుముతో చేర్పించవచ్చును. ఖాతా పుస్తకములో పైసా తప్పనివ్వని ఇంట పిల్లవాని పేరు అక్షరములు తప్పుట తగదు.

ఆచరింపదగినవి

బిడ్డకు తాత పేరు పెట్టుట మంచి ఆచారమే. కాని తాత పేరుతో పాటు తాత కథయు ఇవ్వవలెను. ఆయన ఏ ఊరినుండి వచ్చెను, ఎవరికి సాయపడెను, మాట ఎట్లు నిలుపుకొనెను అని తెలిసినచో పాత పేరు పిల్లవానికి బరువు కాదు. కోడలు మామగారి పేరు పలుకరాదను మర్యాద వలన ఆ పిల్లవానిని “బాబు” అనియు “చిన్నా” అనియు పిలుచు ఇండ్లు కలవు. వాని అసలు పేరును తక్కినవారైన నోరార పిలువవలెను. లేనిచో అది బడి రికార్డునకే పరిమితమగును.

ఎక్కిరింపు పేర్లు మానవలెను. ఒంటికన్నువానిని ఒంటికన్నువాడనియు, రోగిని రోగి యనియు పిలువరాదని దశవైకాలిక సూత్రము బోధించుచున్నది. మాట నిజమే అయినను మనసు నొచ్చునట్టి పిలుపు తగదు. అంగడిలో కూలివానిని, గుమాస్తాను “ఓరేయ్” అని పిలుచుటకు బదులు పేరుతో పిలుచుటకు దమ్మిడీ ఖర్చు లేదు. సంవత్సరమునకొకసారి అందరిని క్షమాపణ వేడుకొను పర్వదినమున, తాము ఎవరి పేరును ఎక్కిరించితిమో తలచుకొని, వారిని వారి సరియైన పేరుతో పిలిచి వేడుకొనుట మేలు.

తన పేరు మార్చుకొనదలచిన యువకుని పెద్దలు వెంటనే కోపగింపరాదు. ఆ పేరు ఎందుకు బాధించుచున్నదో అడుగవలెను. ఎందుకు పెట్టిరో చెప్పవలెను. రెండును జరిగిన పిమ్మటయు అతడు మార్చుకొనదలచినచో ఆశీర్వదించి మార్పించుటయే పెద్దరికము. మార్చుకొనకున్నచో ఆ పేరు ఆనాటినుండి అతడు తానై స్వీకరించినదగును. అంగడికి పేరు వచ్చుట, మాటకు పేరు వచ్చుట, వంశమునకు పేరు వచ్చుట అని తెలుగువారు చెప్పునది ఆ తరువాతి సంగతి. అది ఉయ్యాలలో ఎవరును ఇయ్యలేరు.