గాలిలో దారికి కంప



"జప్తు" అనే మాట మనకు కొత్త కాదు. అప్పు తీర్చకపోతే సామాను జప్తు చేస్తారు. దొంగసారా దొరికితే జప్తు చేస్తారు. ఈ పాఠంలో ఇంకో రకం జప్తు గురించి చదువుకుందాం. ఇక్కడ పట్టుబడింది ఒక చిన్న యంత్రం. దాని పేరు జామర్.

ఫోను మాట ఎలా పోతుంది?

మన సెల్ ఫోనుకు తీగ లేదు. మరి మాట ఎలా పోతుంది? రేడియో తరంగాల మీద పోతుంది. అవి కంటికి కనపడవు. ఫోను నుంచి టవర్‌కు పోతాయి. టవర్ నుంచి ఫోనుకు వస్తాయి. గాలిలో అదొక దారి అనుకోండి.

చెరువుకు అటు గట్టున మీరు ఉన్నారు. ఇటు గట్టున మీ చెల్లెలు ఉంది. కేక వేస్తే వినపడుతుంది. మధ్యలో ఎవరో నిలబడి డప్పు మోగిస్తే? మీ నోరు ఎవరూ మూయలేదు. ఆమె చెవులూ ఎవరూ మూయలేదు. అయినా మాట అందదు. జామర్ చేసే పని ఇదే. అది కూడా తరంగాలనే వదులుతుంది. ఆ రొదలో ఫోనుకు టవర్ మాట వినపడదు. ఫోను చూస్తే సిగ్నల్ ఉండదు.

ఫ్లోరిడాలో ఏం జరిగింది?

ఇది అమెరికాలో జరిగింది. అక్కడ ఫ్లోరిడా అనే రాష్ట్రం ఉంది. అందులో టాంపా అనే నగరం ఉంది. 2013 ఏప్రిల్‌లో ఒక ఫోను కంపెనీ ప్రభుత్వానికి ఫిర్యాదు చేసింది. ఒక పెద్ద రోడ్డు పక్కన తమ టవర్లకు ఏదో అడ్డు తగులుతోందని చెప్పింది. అది కూడా జనం పనికి పోయే పొద్దుటి వేళ, ఇంటికి వచ్చే సాయంత్రం వేళే.

అమెరికాలో రేడియో తరంగాల వ్యవహారం చూసేది ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్. దాని అధికారులు మే నెలలో ఆ రోడ్డు మీద కాపు కాశారు. తరంగం ఏ వైపు నుంచి వస్తోందో చెప్పే పరికరాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. వాటితో వెతికితే ఒక కారు దొరికింది.

పోలీసులు ఆ కారును ఆపారు. దగ్గరికి పోయేసరికి ఏమైందో తెలుసా? పోలీసుల రేడియోలే పనిచేయలేదు! వాళ్ల ఠాణాతో వాళ్లకే మాట తెగిపోయింది.

కారు వెతికారు. సీటు కవరు వెనక జామర్ దొరికింది. అధికారులు దాన్ని పరీక్షించారు. ఫోన్లను ఆపేది అదేనని తేలింది. పదహారు నెలల నుంచి రెండేళ్ల దాకా దాన్ని వాడుతున్నానని ఆ కారు మనిషే ఒప్పుకున్నాడు.

ఎందుకు వాడావని అడిగారు. "జనం బండి నడుపుతూ ఫోన్లు మాట్లాడుతున్నారు. అది ఆపాలని పెట్టుకున్నాను" అన్నాడు. 2014లో ప్రభుత్వం అతనికి 48,000 డాలర్ల జరిమానా వేయాలని నోటీసు ఇచ్చింది. అప్పటి లెక్కలో అది సుమారు 29 లక్షల రూపాయలు.

అతని ఉద్దేశం మంచిదే కదా?

రాత్రి బడిలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక అక్క అడిగింది. "బండి నడుపుతూ ఫోను మాట్లాడటం తప్పే కదమ్మా. అతను చేసింది మంచిపనే కదా?"

నేను జవాబు చెప్పేలోపే ఇంకో అక్క అందుకుంది. "పక్కింటి మేక మీద కోపంతో దారికి కంప కొడతామా? మేక ఒక్కటే ఆగుతుందా? నొప్పులు పడే మనిషిని తీసుకుపోయే బండి కూడా ఆగుతుంది."

నేను చెప్పాల్సింది ఆమే చెప్పింది. జామర్‌కు మంచి మాట, చెడ్డ మాట తేడా తెలియదు. ఊసుపోక మాట్లాడే ఫోనునూ ఆపుతుంది. "యాక్సిడెంట్ అయింది, త్వరగా రండి" అనే ఫోనునూ ఆపుతుంది. అర్ధరాత్రి నొప్పులు వస్తే మనం 108కి ఫోను చేస్తాం. ఆపద వస్తే 112కి చేస్తాం. ఆ క్షణాన సిగ్నల్ లేకపోతే ఎవరిని పిలుస్తాం?

తప్పు చేసేవాళ్లను ఆపడానికి చట్టం ఉంది. అందరి దారి మూసే హక్కు ఏ ఒక్కరికీ లేదు. అందుకే ఇలాంటి యంత్రాన్ని ప్రభుత్వం జప్తు చేయవచ్చని అమెరికా చట్టంలో ఉంది. జరిమానా కట్టి మళ్లీ అదే యంత్రం వాడితే ఏం లాభం? కంప తీసేస్తేనే కదా దారి తెరుచుకునేది!

మన దేశంలో

లైసెన్సు లేకుండా వైర్‌లెస్ యంత్రాలు దగ్గర పెట్టుకోకూడదని మన దేశంలో 1933లోనే చట్టం చేశారు. సోదా చేయడానికి, జప్తు చేయడానికి అందులో వీలు పెట్టారు. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు. కేంద్ర టెలికాం శాఖ 2022 జూలైలో ఒక ప్రకటన చేసింది. ప్రభుత్వం అనుమతి ఇచ్చిన చోట తప్ప జామర్ వాడకూడదు. సొంత మనుషులు గానీ, ప్రైవేటు సంస్థలు గానీ జామర్ కొనకూడదు, వాడకూడదు.

ఇంకో మాట గుర్తుంచుకోండి. సిగ్నల్ పెంచుతుందని "బూస్టర్" అనే యంత్రం అమ్ముతారు. దాన్ని కూడా మనంతట మనం పెట్టుకోకూడదు. మన ఇంట్లో సిగ్నల్ పెరిగితే పెరగవచ్చు. చుట్టుపక్కల వాళ్ల ఫోన్లకు అడ్డు రావచ్చు. సిగ్నల్ సరిగా లేకపోతే ఫోను కంపెనీకి ఫిర్యాదు చేయాలి.

ఎవరి ఇంట్లోనైనా సోదా చేసి సామాను జప్తు చేస్తే పంచనామా రాస్తారు. ఏ వస్తువులు తీసుకున్నారో అందులో ఉంటుంది. సాక్షులు సంతకం పెడతారు. ఆ ఇంటివాళ్లకు జాబితా నకలు ఇవ్వాలి. మిమ్మల్ని సాక్షిగా పిలిస్తే చదవకుండా సంతకం పెట్టకండి. ఇప్పుడు మనకు చదువు వచ్చు. ఒక్కో మాటా కూడబలుక్కుని అయినా చదవండి. తర్వాతే సంతకం పెట్టండి.

కొత్త మాటలు

తరంగం: అల. రేడియో తరంగం కంటికి కనపడని అల.
జామర్: ఫోను, రేడియో పనిచేయకుండా అడ్డుకునే యంత్రం.
సోదా: వస్తువుల కోసం వెతకడం.
నకలు: కాగితానికి కాపీ.

జవాబులు రాయండి

1. కారు దగ్గరికి పోయినప్పుడు పోలీసుల రేడియోలు ఎందుకు పనిచేయలేదు?
2. జామర్ ఏ ఫోన్లను ఆపుతుంది?
3. పంచనామా మీద సంతకం పెట్టేముందు ఏం చేయాలి?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో అందరికీ చెందిన దారి, బావి, చెరువు ఉన్నాయా? వాటిని ఎవరైనా ఒక్కరే ఆక్రమించారా? అప్పుడు మీరంతా కలిసి ఏం చేశారు? అయిదు వాక్యాలు రాసి బడికి తీసుకురండి.