పెద్దవయసులో ఎముకలు, మాంసకృత్తులు

మాంసకృత్తులు అను మాట వినగానే మన యిండ్లలో కొందరు పెద్దలు మొగము చిట్లింతురు. పేరులో మాంసము ఉన్నది గాని, ఆ పదార్థము మాంసము నుండియే రావలెనను నియమమేమియు లేదు. శరీరమున కండను చేయునది గనుక దానికి ఆ పేరు వచ్చినది. ప్రోటీను అని పిల్లలు చెప్పునదియు ఇదియే. కందిపప్పులో ఉన్నది, పెసలలో ఉన్నది, పాలు పెరుగులలో ఉన్నది. పేరును చూచి సంగతిని వినకుండ పోవుదురేమో యని మొదటనే ఈ మాట చెప్పవలసివచ్చినది.

ఈ వ్యాసము వ్రాయుటకు మా యింటిలో జరిగినదే కారణము. మా మేనత్తకు 74 ఏండ్లు. ఒకనాటి ఉదయము పెరటి గడప దాటుచు కాలు జారి కూలబడినది. మేడమీద నుండి పడలేదు, బండి తగులలేదు; నిలుచున్న ఎత్తు నుండి పడినది, అంతే. తుంటి యెముక విరిగినది. శస్త్రచికిత్స చేసిన పిమ్మట డాక్టరుగారు మమ్ములను అడిగిన ప్రశ్న, "ఈమె రోజంతయు ఏమి తినును?" అని. ఉదయము కాఫీ, మధ్యాహ్నము కొంచెము అన్నము, పలుచని చారు, మజ్జిగ, ప్రొద్దు గ్రుంకక మునుపు రెండు ఇడ్లీలు అని చెప్పితిమి. "కాల్షియము బిళ్ళ మాత్రము ఏండ్ల తరబడి ఒక్కనాడును తప్పలేదండీ" అని మా వదినె కొంచెము గర్వముగానే చెప్పినది. "బిళ్ళ సరేనమ్మా, పప్పేదీ?" అన్నారాయన.

పప్పు అరగదని, వయసు మళ్ళినవారికి తేలిక ఆహారమే మేలని, ఆమె కంచములో పప్పును ఏటేట తగ్గించుచు వచ్చినది మేమే. ఆమె అడుగలేదు, మేము తలపలేదు. వ్రతముగా ఎరిగి విడుచుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు గదా.

ఎముక యనగా సున్నపుకడ్డీ అని మనము అనుకొందుము. అది సగమే నిజము. గోదాము కట్టించినవారికి తెలియును: కాంక్రీటు పైకప్పులో సిమెంటు ఎంత ముఖ్యమో లోపలి ఇనుప చువ్వయు అంత ముఖ్యము. ఎముకలో ఆ చువ్వ పని చేయునది కొల్లాజెను అను మాంసకృత్తు. ఎముక పరిమాణములో ఇంచుమించు సగము మాంసకృత్తులే. కాల్షియము, భాస్వరము ఆ అల్లికపై పేరుకొని గట్టిపడును. పైగా ఎముక ఒకసారి కట్టి విడిచిన కట్టడము కాదు. దినదినము కొంత కరగుచు, కొంత క్రొత్తగా కట్టబడుచుండును. ఈ రీతిగా సుమారు పదేండ్లలో అస్థిపంజరమంతయు మారును. కనుక చువ్వల సరుకు దినదినము రావలెను. పాతదానిని తిరిగి వాడుటకు శరీరము కొంత ప్రయత్నించును గాని, అది చాలదు.

దీనికి విరుద్ధముగా ఒక వాదము చాలకాలము చెల్లినది. మాంసకృత్తులు ఎక్కువ తినిన రక్తములో ఆమ్లము పెరుగుననియు, దానిని సరిచేయుటకు ఎముకలోని కాల్షియము కరగి మూత్రములో పోవుననియు చెప్పిరి. మూత్రములో కాల్షియము పెరిగిన మాట నిజమే. అది ఎక్కడి నుండి వచ్చుచున్నదో తరువాత తేలినది. కాల్షియమునకు గుర్తు పెట్టి శరీరములో దాని త్రోవను వెంబడించు పరీక్షలు అమెరికాలో జరిగినవి. మాంసకృత్తులు హెచ్చినప్పుడు ప్రేవులు ఆహారములోని కాల్షియమును ఎక్కువగా పీల్చుకొనుచున్నవనియు, మూత్రములోనికి పోవుచున్న అధికము చాలవరకు అదియే యనియు 2005లో ప్రకటించిరి. మాంసకృత్తులు మరీ తగ్గినప్పుడు ప్రేవులు కాల్షియమును పీల్చుటయే తగ్గినది. మా మేనత్త బిళ్ళ ఎందుకు పని చేయలేదో నాకు ఇది చదివినప్పుడు కొంత బోధపడినది.

1998లో జెనీవా వైద్యులు తుంటి విరిగిన 82 మంది వృద్ధుల సంగతి ప్రకటించిరి. కాల్షియము, డి విటమిను రెండు వర్గములకును ఇచ్చి, ఒక వర్గమునకు మాత్రము ఆరు నెలలపాటు 20 గ్రాముల మాంసకృత్తులు అదనముగా ఇచ్చిరి. ఆ వర్గమువారికి తొడయెముక అరుగుదల తగ్గినది, ఆసుపత్రులలో ఉండవలసిన దినములును తగ్గినవి. ఇరవై గ్రాములనగా ఎంతో కాదు. సుమారు 90 గ్రాముల పచ్చి కందిపప్పు.

మనకు ఇంకను దగ్గరి సంగతి ఆస్ట్రేలియాది. అక్కడ 60 వృద్ధాశ్రమములలో ఏడు వేలకు పైబడిన వృద్ధులపై జరిగిన పరిశోధన 2021లో వెలువడినది. సగము ఆశ్రమములలో పాలు, పెరుగు, చీజు ఎక్కువగా పెట్టిరి. మందు లేదు, బిళ్ళ లేదు. రెండేండ్లలో ఆ ఆశ్రమములవారికి ఎముకలు విరుగుట నూటికి 33 వంతులు, తుంటి విరుగుట 46 వంతులు తగ్గినది. పడిపోవుటయే 11 వంతులు తగ్గినది, ఏలయనగా కండ గట్టిపడిన కాలు తడబడదు. (అంగడిలో దొరకు కొన్ని చీజులను దూడ కడుపులోని పదార్థముతో పేరబెట్టుదురు. మన యింట నిమ్మరసముతో పాలు విరిచి చేసిన పనీరు చాలును.)

మనకు రుచింపని సంగతి యొకటి కలదు. దానిని దాచిన ఈ వ్యాసమునకు విలువ లేదు. బ్రిటనులో సుమారు 55 వేల మందిని ఏండ్ల తరబడి గమనించి 2020లో ప్రకటించిన పరిశీలనలో, శాకాహారులకు తుంటి విరుగు ప్రమాదము మాంసాహారులకంటె సుమారు పాతిక వంతులు ఎక్కువగా కనబడినది. పాలు సైతము ముట్టనివారికి ఇంకను ఎక్కువ. బక్కపలుచని శరీరము, కాల్షియము, మాంసకృత్తుల కొరత ఇందులో కొంత భాగమునకు కారణములని వారు తేల్చిరి. దీనిని చూచి మన ఆహారము విడువవలసిన పని లేదు. అది ఉత్త చారునీళ్ళు కాకుండ చూచుకొనవలసిన పని మాత్రము ఉన్నది.

ఎంత కావలెను? భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దలకు కిలో బరువునకు దినమునకు 0.83 గ్రాములు చెప్పినది. వృద్ధులకు అంతకంటె ఎక్కువ, కిలోకు 1 నుండి 1.2 గ్రాములు కావలెనని 2013లో పలు దేశముల నిపుణులు కూడి చెప్పిరి. వయసు మళ్ళినకొలది తగ్గించవలెనను మన ఆలోచనకు ఇది సరిగా ఎదురు. ముసలి కండ కొంచెము ఆహారమునకు కదలదు, గనుక పూటకు 25 గ్రాములైనను పడవలెనందురు. 50 కిలోల ఆమెకు దినమునకు 50 నుండి 60 గ్రాములు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు వచ్చినది) ప్రకటించిన ఆహార పట్టికలను పట్టుకొని మా వదినె చిట్టా వ్రాసినట్లు లెక్క వేసినది. మా మేనత్త పాత భోజనములో 100 గ్రాముల బియ్యమునకు 8, ఇడ్లీలకు 4, కాఫీలోని పాలకు 3, మజ్జిగకు 2, చారునకు 1. మొత్తము 18 గ్రాములు! కొట్టులో ఇట్టి లోటు మూడు నెలలు కనబడిన మనము నిద్రపోము.

ఇప్పుడు అన్నము, కాఫీ, మజ్జిగ అటులనే ఉన్నవి. మధ్యాహ్నము 40 గ్రాముల పప్పు గట్టిగా ఉడికించి పెట్టుచున్నారు, 9 గ్రాములు. సాయంకాలము ఇడ్లీలకు బదులు 50 గ్రాముల పెసరపప్పుతో పెసరట్టు, అల్లము లేదు, సొంఠి, జీలకర్ర, 12 గ్రాములు. రెండు గ్లాసుల పాలు, అనగా 400 మిల్లీలీటర్లు, 13 గ్రాములు. 50 గ్రాముల పనీరు, 9 గ్రాములు. ఇడ్లీలవి 4 తీసివేసిన మొత్తము 57. సూర్యాస్తమయమునకు ముందే అన్నియు ముగియును. తెల్లవారి నోరు తెరచువరకు పండ్రెండు గంటలకు పైగా గడచును గనుక సాయంకాలపు పూటను అటుకులతో గడుపుట మానిపించితిమి.

ద్విదళ నియమము పాటించువారు పప్పును, పచ్చి పెరుగును ఒకటిగా తినరు. వారు పాలు పెరుగులను వేరు వేళకు పెట్టుకొనవచ్చును. లేదా మజ్జిగను ముందు కాచి, పిమ్మట శనగపిండి కలిపి పులుసు చేసికొనవచ్చును. అష్టమి, చతుర్దశులలో ఆకుకూరలు మానినను పప్పులకు అడ్డు లేదు. ఆయంబిల్ నాడు పాలు, నెయ్యి ఉండవు గనుక ఆనాడు పప్పు పాలు మరింత పెంచవలెను. ఎముక విరిగి కోలుకొనుచున్నవారు దీర్ఘోపవాసమునకు పూనుకొనునపుడు గురువులతోపాటు వైద్యునితోను ఒక మాట చెప్పవలెను.

మాంసకృత్తులు ఒక్కటియే చాలవు. నెలసరి ఆగిన స్త్రీలకు దినమునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. పై రెండు గ్లాసుల పాలలో 480 వరకు వచ్చును, 50 గ్రాముల రాగిపిండి జావలో మరి 180 వచ్చును, నువ్వులలో పుష్కలము. మిగిలినదానికి బిళ్ళ. మన పురుషులు ప్రొద్దున నుండి చీకటివరకు గద్దెమీద నీడను కూర్చుందురు, గనుక డి విటమినును పరీక్ష చేయించుకొనవలెను. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము ఈ లెక్కలను చూచి పప్పు పెంచరాదు. వారికి కొలత వైద్యుడే చెప్పవలెను. చాలకాలముగా మధుమేహము ఉన్నవారు ముందు రక్తములో క్రియాటినిను చూపించుకొనవలెను.

ఆహారముతోపాటు కండకు పనియు కావలెను. మా మేనత్త దినమునకు రెండు మారులు కుర్చీలో నుండి చేతి ఆసరా లేకుండ లేచి కూర్చుండుట అభ్యాసము చేయుచున్నది. మొదట మూడు మారులకే ఆయాసపడినది, ఇప్పుడు పది లెక్కపెట్టి మరీ లేచుచున్నది. చేతికర్ర ఇంకను ఉన్నది. పెసరట్టు మాత్రము నేడు మందముగా వచ్చినదని, నిన్నటిదే బాగున్నదని వంకపెట్టుచున్నది.