అట్లాంటిక్ సాల్మన్ పెంపకంలో అమీబా మొప్ప వ్యాధి – గుర్తింపు, యాజమాన్యం

సముద్రపు పంజరాలలో పెంచే అట్లాంటిక్ సాల్మన్ చేపలకు సోకే పరాన్నజీవి వ్యాధులలో అమీబా మొప్ప వ్యాధి ముఖ్యమైనది. ఆస్ట్రేలియాలోని టాస్మానియా ద్వీపంలో ఇది 1980వ దశకం మధ్య నుండి నష్టం కలిగిస్తున్నది. 2006లో నార్వేలో బయటపడింది; 2011-12లో స్కాట్లాండ్, ఐర్లాండ్ తీరాలలో విస్తృతంగా ప్రబలింది. సకాలంలో చికిత్స చేయనిచో సగం వరకు చేపలు మరణించే ప్రమాదమున్నది.

వ్యాధి కారకం: నియోపారమీబా పెరురన్స్ అను అమీబా ఈ వ్యాధిని కలిగించును. దీనిని 2007లో కొత్త జాతిగా వర్ణించారు. ప్రయోగశాలలో పెంచిన అమీబాతోనే వ్యాధి కలుగుతుందని 2012లో నిరూపితమైంది. ఇది చేప లేకుండానే సముద్రపు నీటిలో జీవించగలదు. కావున పెంపక ప్రాంతం నుండి దీనిని పూర్తిగా నిర్మూలించుట సాధ్యం కాదు. లవణీయత అధికంగా ఉండి, నీటి ఉష్ణోగ్రత 12 డిగ్రీల సెల్సియస్ దాటినపుడు వ్యాధి ఉధృతమగును.

లక్షణాలు: అమీబాలు మొప్పలకు అంటుకొనగా ఉపరితల కణాలు మితిమీరి పెరిగి, పక్కపక్కనున్న సన్నని మొప్ప పొరలు ఒకదానితో ఒకటి కలిసిపోవును. జిగురు అధికంగా స్రవించి మొప్పలపై తెల్లని మచ్చలు ఏర్పడును. ఆక్సిజన్ గ్రహించే వైశాల్యం తగ్గుటచే చేపలు మందకొడిగా తిరుగుతూ, వేగంగా శ్వాసించును.

నిర్ధారణ: పంజరం నుండి కొన్ని చేపలను పట్టి, మత్తునిచ్చి, మొప్పలను పరిశీలించి 0 నుండి 5 వరకు స్థాయి నిర్ణయిస్తారు. మచ్చలు లేనిచో 0. ఒక మచ్చ ఉన్న 1. రెండు మూడు ఉన్న 2. మొప్ప వైశాల్యంలో 20 శాతం వరకు వ్యాపించిన 3. 50 శాతం వరకు 4. అంతకు మించిన 5. ఇతర కారణాల వల్ల కూడా మచ్చలు రావచ్చును గనుక సూక్ష్మదర్శిని లేదా పి.సి.ఆర్. పరీక్షతో ధ్రువీకరించవలెను.

చికిత్స: చేపలను 2 నుండి 4 గంటలు మంచినీటిలో ఉంచుట ప్రధాన పద్ధతి. ఉప్పునీటి అమీబా మంచినీటికి తాళలేదు, సాల్మన్ తాళగలదు. ఈ సమయంలో నీటికి ఆక్సిజన్ తప్పక అందించవలెను. మంచినీరు లభించని చోట హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడుతారు. అయితే మోతాదు కొంచెం మించినా, నీరు వెచ్చగా ఉన్నా చేపలకే హాని కలుగును.

ఏ చికిత్సయైనను అమీబాలన్నిటినీ తొలగించలేదు. మిగిలినవి తిరిగి వృద్ధి చెందును గనుక చికిత్స పలుమార్లు అవసరమగును. మొప్పలు బాగా దెబ్బతిన్న చేపలు పట్టి తరలించే ఒత్తిడికే మరణించవచ్చును. కావున చేపలు మరణించుట ఆరంభమైన పిమ్మట గాక, మొప్పల స్థాయి తక్కువగా ఉన్నపుడే చికిత్స చేయవలెను. వేసవిలో తరచుగా చేసే మొప్పల పరిశీలనయే ఈ వ్యాధి యాజమాన్యానికి మూలం. దీనికి తోడుగా, టాస్మానియాలో వ్యాధిని తట్టుకొనే చేపలను ఎంపిక చేసి, వాటి సంతతిని వృద్ధి చేస్తున్నారు.