తెర మీది లెక్క తప్పయితే?



పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ మీద ఫోన్ పెడితే 2017లో మొదలైన దీక్షా పోర్టల్ పాఠాలు వస్తాయి. టి-శాట్, యూట్యూబ్ పాఠాలు సరేసరి. మంచిదే. కానీ ఆన్‌లైన్ లెక్కల్లోనూ తప్పులు దొర్లుతాయి. ట్యూషన్ ఉన్న పిల్లవాడు సార్‌ను అడుగుతాడు. అడగడానికి ఇంట్లో ఎవరూ లేని పిల్లవాడు "నాకే రాదు" అనుకొని తన సరైన జవాబును కొట్టేస్తాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు కాబట్టి ఈ సంగతి నాకు తెలుసు.

పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఘాతం కిందికి జారి 10⁵ కాస్తా 105 అవుతుంది. యంత్రం చేసే తెలుగు అనువాదంలో బేసి సంఖ్య "వింత సంఖ్య"గా, సగటు "అర్థం"గా మారిపోవచ్చు. నవ్వొస్తుంది గానీ పరీక్ష ముందు రాత్రి నవ్వు రాదు!

అసలు ప్రమాదం, మెట్లన్నీ సరిగ్గా ఉన్నట్టు కనిపించే తప్పు. ఒక సంఖ్యకు 7 కలిపి వర్గమూలం తీస్తే, ఆ సంఖ్యలోంచి 5 తీసేసినంత వచ్చింది. సంఖ్య ఎంత? ఇరువైపులా వర్గం చేసి సాధిస్తే 2, 9 వస్తాయి. రెండూ జవాబులేనని తెర మీద ఉందనుకోండి. 2ను మొదటి ప్రశ్నలో ప్రతిక్షేపించండి: ఎడమవైపు 3, కుడివైపు −3. కుదరదు. 9 పెడితే రెండువైపులా 4. వర్గం చేసినప్పుడు రుణ గుర్తు మాసిపోయి 2 చొరబడింది. కృత్రిమ మేధ ఎంత ధీమాగా జవాబు చెప్పినా ఇదే పరీక్ష పెట్టాలి.

తేడా వస్తే ముందు మన లెక్కనే మళ్లీ చేయాలి, ప్రశ్న సరిగ్గా దించుకున్నామో చూడాలి. ఆ తర్వాతే పాఠం తయారుచేసినవారికి రాయాలి. "వీడియో తప్పు" అంటే ఎవరూ పట్టించుకోరు. ఇలా రాయండి: "12వ నిమిషంలో 2, 9 అని ఉంది. 9 మాత్రమే ఉండాలి. 2 పెడితే ఎడమ 3, కుడి −3."

పెద్దల తప్పు ఎత్తిచూపడం ధిక్కారమని కొందరి భయం. డొనాల్డ్ నూత్ అనే అమెరికా శాస్త్రవేత్త తన పుస్తకాల్లో తప్పు మొదట చూపినవారికి 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. 2008 నుంచి దాని బదులు సర్టిఫికెట్ ఇస్తున్నారు. చాలామంది ఆ చెక్కును మార్చుకోకుండా దాచుకున్నారు.

మన స్టడీ అవర్‌లోనూ ఒక తప్పుల నోట్‌బుక్ పెడదాం. ఎడమ పేజీలో తప్పు, కుడి పేజీలో సవరణ, తేదీ. కాకతీయ యూనివర్సిటీలో, ఎన్ఐటీలో లెక్కలు చదివే అన్నలు ఆదివారం వచ్చి చూసి సంతకం పెట్టాలి. సంతకం పడేదాకా సవరణను పెన్సిల్‌తోనే రాయండి.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (గణితం), వరంగల్