పాట పెరగాలంటే రెండో గొంతు ఉండాలి

ప్రశ్నలు – జవాబులు
ఈసారి: పాత సామాను, ఆన్‌లైన్ వేలం

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఏడాదైంది. ఆయన దాచుకున్న తపాలా బిళ్ళలు, పాత నాణేలు, రెండు హెచ్‌ఎంటీ వాచీలు, చందమామ బైండ్లు, ఒక టేకు బీరువా ఉన్నాయి. ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆన్‌లైన్‌లో వేలం వేస్తే మంచి ధర వస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: కొన్నిటికి నిజమేనమ్మా. హైదరాబాద్‌లోని బాలాపూర్ వినాయకుడి లడ్డూను 1994లో మొదటిసారి వేలం వేసినప్పుడు 450 రూపాయలకు పోయింది. ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. లడ్డూ లడ్డూయే, పాడేవాళ్ళు పెరిగారు. వేలం కిటుకంతా అక్కడే ఉంది. వస్తువు గొప్పదైతే చాలదు, దానికోసం కనీసం ఇద్దరు పట్టుబట్టాలి. ఒక్కడే వస్తే వాడు చెప్పిందే ధర.

ఆ లెక్కన సామానును రెండు కుప్పలు చెయ్యండి. వాచీలు, చందమామలు, బిళ్ళలు, నాణేలు ఒకటి. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూతపడింది, చందమామ పత్రిక రావడం మానేసింది. వీటికోసం వెతికేవాళ్ళు ఊరికి ఒకరిద్దరే ఉండొచ్చు. దేశమంతటా ఉన్న ఆ ఒకరిద్దరినీ ఒకచోటికి చేర్చడమే ఆన్‌లైన్ వేలం చేసే మేలు. బీరువా సంగతి వేరు. కొనేవాడు వచ్చి తలుపు తీసి, చెక్క తట్టి చూసుకోవాలి, బండి మాట్లాడుకుని పట్టుకుపోవాలి. అంటే మీ ఊరివాడే కావాలి. దానికి ధర చెప్పి బేరమాడుకోవడమే నయం.

అయితే ఎవరైనా ఏదైనా పాటకు పెట్టుకునే వీలున్న ఈబే ఇండియా 2018 ఆగస్టులో మూతపడింది. ఓఎల్ఎక్స్ లాంటి చోట జరిగేది బేరమే, వేలం కాదు. నాణేలకూ బిళ్ళలకూ మాత్రం ఆన్‌లైన్‌లో పాట పెట్టే వేలం సంస్థలున్నాయి. కమీషన్ ఎంత, సరుకు అమ్ముడుపోకపోతే తిప్పి పంపే ఖర్చు ఎవరిది అన్నవి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకో మాట: నాణేలను చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, ధర పోతుంది.

ప్రశ్న: త్వరలో ఇండియా వచ్చేస్తున్నాం. పాత ఫిల్మ్ కెమెరా, లెన్సులు, వెట్ గ్రైండర్, సోఫా అమ్మాలి. ఈబేలో 99 సెంట్ల దగ్గర పాట మొదలుపెడితే జనం ఎగబడతారట. పెరగకపోతే నా ఫ్రెండ్‌తో పాడించి ఎగదోయవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: రెండోది వద్దు. సొంత మనిషితో పాట పెంచడం ఈబే నిబంధనలకు విరుద్ధం, ఖాతాకే ఎసరు. పైగా మీ ఫ్రెండే పాట గెలిస్తే కెమెరా మళ్ళీ మీ ఇంట్లోనే ఉంటుంది!

99 సెంట్ల ఆకర్షణ నిజమే, ప్రమాదమూ నిజమే. ఈబేలో కొనేవాళ్ళు తాము ఎంతదాకా వెళ్ళగలరో ముందే చెప్పి ఉంచుతారు. సైటే వాళ్ళ తరఫున కొద్దికొద్దిగా పాడుతుంది. ఒకాయన మీ కెమెరాకు 200 డాలర్లదాకా సిద్ధపడి ఉన్నాడనుకోండి. రెండో ఆయన 80 దగ్గర ఆగిపోతే, అది 80 మీద ఒకటి రెండు డాలర్లకే పోతుంది. ధర తేల్చేది గెలిచినవాడు కాదు, ఓడినవాడు. అందుకే ఎంతకు పోయినా బాధపడనని అనుకున్న అంకె దగ్గరే పాట మొదలుపెట్టండి. ఆ అంకె తెలియాలంటే అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు చూడకండి. అదే మోడల్ నిజంగా ఎంతకు అమ్ముడైందో ఈబే విడిగా చూపిస్తుంది, అది చూడండి.

ఫీజు వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చుతో కలిపిన మొత్తం మీద పడుతుంది. వస్తువు మీరు రాసినట్టు లేదని కొన్నవాళ్ళు ఫిర్యాదు చేస్తే, వాపసు తీసుకోనని ముందే రాసుకున్నా ఆ మాట నిలవదు. కాబట్టి లెన్సు మీద గీత ఉంటే దాన్నే దగ్గరగా ఫొటో తీసి పెట్టండి.

గ్రైండర్‌ను మీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఇడ్లీపిండికి నానబోసినంతసేపట్లో అడిగేవాళ్ళు వస్తారు. సోఫా కూడా దగ్గరివాళ్ళకే.

ప్రశ్న: ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని ఫేస్‌బుక్‌లో చూసి ఫోన్ చేశాను. వేలంలో పెట్టడానికి ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు. రిజర్వు బ్యాంకు పేరు కూడా చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కట్టకండి. ఇలాంటి అమ్మకాలతో తమకు సంబంధం లేదనీ, ఏ రుసుమూ అడగమనీ, తమ తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. లక్షలాది ఇళ్ళలో ఉండే నోటు కోసం పోటీ ఎవరు పడతారు? ముందు డబ్బు కట్టమన్నారంటే అక్కడ అమ్ముడుపోతున్నది మీరే.

ప్రశ్న: పాత ఫోన్ అమ్మకానికి పెట్టాను. సైన్యంలో ఉన్నానంటూ ఒకాయన బేరమాడకుండానే ఒప్పుకున్నాడు. డబ్బు వేస్తాను, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటున్నాడు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మనకు డబ్బు రావడానికి పిన్‌తో పనిలేదు. పిన్ కొడితే డబ్బు పోతుందే తప్ప రాదు. అసలు బేరమాడని గిరాకీ అంటేనే నాకు అనుమానం. ఇప్పటికే పిన్ కొట్టి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకూ చెప్పండి. ఫోన్‌ను అసలైన గిరాకీకి ఇచ్చేటప్పుడు ముందు అందులోంచి మీ గూగుల్ ఖాతా తీసేసి, తర్వాత రీసెట్ చెయ్యండి. ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో కాగితం రాయించుకోండి.

ప్రశ్న: అటక మీద తాళపత్రాలు, ఒక కంచు విగ్రహం దొరికాయి. ఫొటో చూసిన విదేశీయుడు ఒకరు కొంటానంటున్నాడు.
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: పంపకండి. వందేళ్ళు దాటిన విగ్రహాలు, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. విగ్రహం గురించి భారత పురావస్తు శాఖ రిజిస్ట్రేషన్ అధికారిని అడగండి. తాళపత్రాలను తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థ లాంటి చోట చూపించండి. అవి మీ ముత్తాత రాసిన వైద్యమో, ఊరి లెక్కలో, ముందు ఎవరిచేతనైనా చదివించండి. పాట మాట తర్వాత.