గల్లా వేరు, ఇల్లు వేరు

నాచారం

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. కుట్టు శిక్షణ అయిపోయిందని చదివి సంబురపడ్డ. కుట్టు దుకాణానికి బ్యాంకు అప్పు ఆలస్యమైతే వారం కిస్తీల ఫైనాన్సోళ్ల దగ్గర తీసుకుంటనని రాసినవు సూడు, అప్పటి సంది నాకు కంటి మీద కునుకు లేదు.

అప్పు ఒక్కదానితోనే పేదరికం పోదు. మన హైదరాబాద్‌లనే 104 బస్తీలు తీసుకొని, సగం బస్తీలల్ల ముందుగాల చిన్న అప్పుల సంస్థ వచ్చేటట్టు చేసి పరీక్షించిండ్రు. 2005ల మొదలువెట్టిండ్రు. 2019ల నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్న బృందమే అది. కొందరి దుకాణాలల్ల సామాను పెరిగింది గని, సగటున ఇండ్లల్ల తిండీ గుడ్డా మెరుగుపడలేదు.

నువ్వు కుట్టు నేర్చుకున్న శిక్షణ సంస్థ పద్ధతి వేరు. 1982ల కర్ణాటకల ఉజిరెల ధర్మస్థల ట్రస్టోళ్లు రెండు బ్యాంకులతోని కలిసి ఇసొంటి సంస్థను మొదలువెట్టిండ్రు. ఇప్పుడు మన జిల్లాలల్ల బ్యాంకులే నడుపుతున్నయి. పైస తీసుకోకుండ నేర్పుడే కాదు, తర్వాత రెండేండ్లు వెంట ఉండి చూసుకుంటరు. వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తు. అప్పు కాయితం కదలకుంటే వాళ్లనే అడుగు.

బక్కగైనవని చెల్లె చెప్పింది. పొద్దున తినకుండ మిషన్ మీద కూసోకు.

ఇగ అసలు మాట. నేను పెండ్లయి నాచారం వచ్చిన కొత్తల, పక్కింటామె ఫ్యాక్టరీ గేటు కాడ సకినాలు అమ్మేది. షిఫ్టు దిగినోళ్లు ఆమె కోసమే ఆగేటోళ్లు. పైసలన్ని ఒక్కటే కొంగు ముడిల ఉండేవి. కూరగాయలు అండ్లకెల్లే, పిల్లల ఫీజు అండ్లకెల్లే. పండుగ గిరాకి వచ్చే యాళ్లకు బియ్యప్పిండి కొననీకె చేతిల రూపాయి ఉండకపోయేది. మా అత్తమ్మ రెండు డాల్డా డబ్బాలిచ్చింది. ఒకటి యాపారానికి, ఒకటి ఇంటికి. రోజుకింత అని కూలి కట్టుకొని, అంతే ఇంటి డబ్బాల వెయ్యిమన్నది. ఏడాది తిరగకముందే ఆమె రెండో పొయ్యి పెట్టింది. డొమినికన్ రిపబ్లిక్‌ల గూడ చిన్న యాపారులకు పెద్ద పెద్ద అకౌంట్ల పాఠం కన్న ఇసొంటి సులువు నియమాలే పనికొచ్చినయని తేలింది.

నువ్వు దుకాణానికి వేరే బ్యాంకు ఖాతా తెరువు. క్యూఆర్ కోడ్ దానిదే అతికించు. జాకెట్టుకు పది రూపాయల హుక్కులు కొన్నా రాయి. తమ్ముడు చాయికి అడిగినా గల్లాల చెయ్యి పెట్టనియ్యకు. నీకు గాజులు కావాల్నన్నా నీ కూలి పైసలల్లకెల్లే కొనుక్కో. మీ బాపు మందులకు తక్కువైతే నాకు ఫోన్ చెయ్యి, గల్లా మాత్రం ముట్టకు. ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ఐతారం రా. ఉప్పల్ రింగ్ రోడ్డుల బస్సు దిగు, మెట్రో స్టేషన్ కింద పెద్దబాపు ఉంటడు. నా పాత మిషన్‌కు మోటరు పెట్టిచ్చిన, తీసుకపో. అంత అప్పు తగ్గుతది.

నీ పెద్దమ్మ